అజ్ఞాత చెప్పారు

జూలై 4, 2025

ఈరోజు నాకు లాయర్ నోటీసు వచ్చింది. ఇంటికి కాదు, ఆఫీసుకి. రిజిస్టర్డ్ పోస్టుకి సంతకం పెట్టేటప్పుడు ఏదో ఓడ తాలూకు కాగితాలనుకున్నాను. షిప్పింగ్ ఏజెన్సీలో డాక్యుమెంటేషన్ సీటుకి వచ్చేవన్నీ అవే. కవరు మీద నా పేరు పూర్తిగా ఉంది. కుమారి బి. ఎవాంజలిన్. నన్ను కుమారి అని ఎవరైనా రాసి చాలా ఏళ్ళయింది.

పంపింది త్రినాథరావు అనే ఆయన తరఫు లాయరు. త్రినాథరావుకి సీతమ్మధారలో మ్యానింగ్ ఏజెన్సీ ఉంది. ఓడల మీద పనికి మనుషుల్ని పంపిస్తాడు. నా బ్లాగులో ఒక కామెంటు వల్ల ఆయన పరువు పోయిందట. పదిహేను రోజుల్లో దాన్ని తీసెయ్యాలి. బ్లాగులోనే క్షమాపణ రాయాలి. కామెంటు పెట్టిన మనిషి వివరాలివ్వాలి. లేకపోతే సివిల్ కేసు, క్రిమినల్ కేసు, రెండూ.

నా బ్లాగు చదివేది పిడికెడుమంది. ఒక మనిషి పరువు పోవడానికి అంతమంది చాలని నాకు తెలీదు.

అమ్మకి చెప్పలేదు.

జూలై 5, ఉదయం

కామెంటు మళ్ళీ చదివాను. పోయిన నెల ఒక పాత ఓడ గురించి రాసిన పోస్టు కింద ఉంది. పోర్టు బెర్తులో గట్టుకి కట్టి ఉన్నప్పుడు దగ్గర్నుంచి చూశాను ఆ ఓడని. కొత్త పేరు తెల్ల పెయింటుతో రాశారు గానీ, కింద పాత పేరు వెల్డింగు అక్షరాలు ఉబ్బుగా అలాగే కనిపిస్తున్నాయి. పాత పేరు కూడా పోస్టులో రాశాను. దానికింద ఈ కామెంటు.

"అజ్ఞాత చెప్పారు: ఇదే ఓడ. షానవాజ్ ఈ ఓడలోంచి పారిపోలేదు. ఇంజన్‌రూమ్‌లో పని చెయ్యడం ప్రమాదమని లోపలివాళ్ళు చెప్తూనే ఉన్నారు. తెలిసే త్రినాథరావు మనుషుల్ని పంపాడు. షానవాజ్ ఏమయ్యాడో చెప్పలేక, పారిపోయాడని రాశాడు. అది అబద్ధం. ఇప్పుడు పేరు మార్చి మళ్ళీ కుర్రాళ్ళని ఎక్కిస్తున్నాడు."

పేరు లేకుండా కామెంటు పెడితే బ్లాగు దానంతటదే "అజ్ఞాత చెప్పారు" అని వేస్తుంది. ఆ మాట ఎవరికైనా పడుతుంది. కానీ నా బ్లాగులో అజ్ఞాత ఒక్కరే.

జూలై 5, సాయంత్రం

పొద్దున్న ఆ వాక్యం దగ్గర ఆపేశాను. ఇక్కడైనా సరిగ్గా రాయాలి. ఇది ఎవరూ చదవరు.

నాన్న పేరు యోహాన్. పెద్ద ఓడల్ని రేవులోకి లాగే పోర్టు టగ్గు మీద పనిచేసేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఓడల గురించి మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు. అందుకే బ్లాగు మొదలుపెట్టాను. పేరు అవుటర్ యాంకరేజ్. బెర్తు దొరక్క బయట సముద్రంలో లంగరు వేసి ఆగే ఓడల చోటు అది. సాయంత్రం బీచ్ రోడ్డులో నించుంటే లైట్లు కనిపిస్తాయి. ఏ ఓడ ఏం తెచ్చింది, ఎక్కడికి పోతోంది, ఇవే రాసేదాన్ని. ఎవరూ పలికేవారు కాదు.

మూడేళ్ళ కిందట, వానాకాలంలో, మొదటి కామెంటు వచ్చింది.

"లంగరు వేశాక ఇంజను ఆపేస్తారు. అప్పుడొచ్చే నిశ్శబ్దానికి చెవులు నొప్పెడతాయి. అలవాటైన చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు."

నేను ఆ రోజు బాక్సులో అన్నం ముద్ద కలిపి అలాగే వదిలేశాను.

తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. "ఇంజన్‌రూమ్‌లో పనిచేసేవాడికి సముద్రం కనపడదు. డ్యూటీ దిగి పైకొచ్చి అంత వెలుగు ఒకేసారి చూస్తే, మనది కానిది తీసుకున్నట్టుంటుంది." ఇంకోసారి, "సూయజ్‌లో రెండు పక్కలా ఇసుకే. ఇసుకలో ఓడ నడుస్తున్నట్టుంటుంది. ఒడ్డున ఒకాయన గాడిద మీద కూర్చుని మాతోపాటు కాసేపు వచ్చాడు. చెయ్యి ఊపాను. ఊపలేదు."

నేను జవాబులు రాసేదాన్ని. చిన్న కామెంటుకి పెద్ద జవాబు. నా పోస్టులన్నీ ఆ ఒక్క మనిషికే రాస్తున్నానని ఎప్పుడు తెలిసిందో గుర్తులేదు. కామెంట్లు మధ్యాహ్నం రెండు ప్రాంతంలో వచ్చేవి. అప్పుడు ఏ సముద్రంలో ఎంత టైమవుతుందో లెక్కవేసేదాన్ని. ఆయన బ్రెజిల్ దగ్గర ఉన్నాడని ఓ ఏడాదంతా నమ్మాను.

ఆయన అంటున్నాను. పేరు తెలీదు, ఊరు తెలీదు, మొహం తెలీదు. నాకు నలభై రెండేళ్ళు. సిగ్గుగానే ఉంది.

జూలై 7

లాయర్ కృష్ణంరాజు గారి దగ్గరికి వెళ్ళాను. మహారాణిపేటలో ఆఫీసు. పెద్దాయన. నోటీసు ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా చదివారు.

తెలియనంతవరకు నీ తప్పు లేదమ్మా అన్నారు. ఇప్పుడు నోటీసు వచ్చింది కాబట్టి నీకు తెలిసినట్టే. తెలిసీ ఉంచితే నువ్వే ప్రచురించావని వాదిస్తారట. బ్లాగు నడిపేవాళ్ళు ఊరికే చోటిచ్చే మధ్యలోవాళ్ళా, ప్రచురించేవాళ్ళా అన్నది వాదించుకునే కొద్దీ పెరిగే విషయమట. తీసేస్తే గొడవ చాలావరకు పోతుంది. నిజమైతే ఉంచకూడదా అని అడిగాను. నిజమని నిరూపించే భారం చెప్పినవాడిదే అన్నారు. క్రిమినల్ కేసులో నిజమైనంత మాత్రాన చాలదట, నలుగురి మేలు కోసం చెప్పానని కూడా చూపించాలట. నీ దగ్గర ఏముంది? వాడెవడో కూడా నీకు తెలీదు కదా.

వాడు అన్నారు. ఎందుకో కొట్టినట్టనిపించింది.

అప్పుడు నేను అడగాల్సింది అడక్కుండా వేరేది అడిగాను. ఆ మనిషిని ఎలా కనిపెడతారు అని. ఆయన చెప్పారు. కోర్టు ఆర్డరిస్తే గూగుల్ వాళ్ళు ఐపీ అడ్రసు ఇస్తారు. అది ఏ ఇంటర్నెట్ కంపెనీదో చూసి వాళ్ళకి ఇంకో ఆర్డరు. వాళ్ళు పేరూ ఇంటి నంబరూ ఇస్తారు. నువ్వు కేసులో పార్టీవి కాబట్టి నీకూ కాపీ వస్తుంది.

నాకూ కాపీ వస్తుంది.

బయటికొచ్చి ఆటో పిలవడం మర్చిపోయి చాలాదూరం నడిచాను.

జూలై 8

కామెంటు తియ్యలేదు.

జూలై 10

మేనేజర్ గురువులు గారు కేబిన్‌లోకి పిలిచారు. త్రినాథరావు మన క్లయింటు అన్నారు. క్రూ మార్పులన్నీ ఆయన ద్వారానే జరుగుతాయి. ఇవాళే తీసెయ్యమ్మా, ఒక్క బటనే కదా అన్నారు. మంచివారే, నాన్న పోయినప్పుడు ఆఫీసంతటినీ తీసుకుని మల్కాపురంలో మా ఇంటికి వచ్చారు. సాయంత్రంలోపు చూస్తాను సార్ అన్నాను.

సాయంత్రం ఆ బటన్ దాకా వెళ్ళాను కూడా. "ఈ కామెంటును తొలగించాలా?" అని అడిగింది. ఫోను తిరగేసి టేబుల్ మీద పెట్టాను.

నన్ను నేను మోసం చేసుకోకూడదు. నిజం కోసం ఉంచానని రేపు ఎవరైనా అనుకుంటే అది తప్పు. షానవాజ్ ఎవరో నాకు తెలీదు. ఇన్నేళ్ళూ నేను అడగలేకపోయిన పేరుని నా బదులు కోర్టు అడుగుతుందని ఉంచాను. అంతే. ఆయన్ని పట్టించడానికి ఉంచాను.

జూలై 13, ఆదివారం

చర్చిలో ప్రసంగం ఒక్క మాట చెవికెక్కలేదు. అమ్మ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. ఇంటికొచ్చాక చేపలు కడుగుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏటే, ఆ ఫోనులో ఎవుడున్నాడు?"

ఎవరూ లేరన్నాను.

"నేకపోతే అలాగెందుకు సూస్తన్నావు? ఉన్నోడైతే ఇంటికి రమ్మను. నానేటీ కాదననులే, ఈ వయసులో."

మా అమ్మ విమలమ్మ అంటే వీధి మొత్తానికి భయం. ఆవిడ ఆ మాట అంత మెత్తగా అంటే తట్టుకోలేకపోయాను. గదిలోకి వెళ్ళిపోయాను.

జూలై 14

పట్టించడం నావల్ల కాదు. ఆ కామెంటు కింద ఇలా రాశాను:

"అజ్ఞాత గారూ, మీ మాట మీద నాకు నోటీసు వచ్చింది. రేపు కోర్టు మీ పేరు అడగొచ్చు. వాళ్ళు కనిపెట్టకముందే మీరు నాతో మాట్లాడితే బావుంటుంది. వద్దనుకుంటే మీ కామెంటు తీసెయ్యమని చెప్పండి, తీసేస్తాను. మీరు ఎక్కడున్నా క్షేమంగా ఉండాలి."

బ్లాగు మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు పెట్టాను. చివరి వాక్యం మూడుసార్లు చెరిపి, మళ్ళీ పెట్టాను.

జూలై 16

ఏమీ లేదు. వాన.

జూలై 18

మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని నంబరు. బాక్సు మూత పెట్టి, మెట్ల దగ్గరికి వెళ్ళి ఎత్తాను. ఆడగొంతు. ఎవాంజలినక్కేనా అని అడిగింది. అవునన్నాను. వెనక ఎక్కడో కుట్టుమిషను ఆగిన చప్పుడు.

"అజ్ఞాతని నానేనక్కా" అంది.

జూలై 19, శనివారం

పొద్దున్నే పాత ఊరికి వెళ్ళాను. కోటవీధిలో సన్నటి సందు, మేడ మీద రెండు గదులు. ఆ అమ్మాయి పేరు ఫర్హా. ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు ఉంటాయి. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చేతికి దారం పోగులు అంటుకుని ఉన్నాయి. నన్ను చూసి, మీరు పెద్దోరనుకోలేదు అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏం అనుకున్నానో చెప్పలేదు.

లోపలి గదిలో మంచం మీద వాళ్ళ అత్తగారు, సర్దార్ బీ. నేను షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తానని ఫర్హా చెప్పగానే ఆవిడ లేచి కూచుంది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఖబర్ ఏటైనా వచ్చిందేటమ్మా?"

లేదండీ అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి అంత దూరం వెళ్ళినట్టయింది. ఆవిడ తలూపి, మళ్ళీ గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

షానవాజ్ ఫర్హా భర్త. ఇంజన్‌రూమ్‌లో ఆయిలర్, యంత్రాలకి నూనె పెట్టే పని. నాలుగేళ్ళ కిందట త్రినాథరావు ఏజెన్సీ ద్వారా ఆ ఓడ ఎక్కాడు. ఒకరోజు ఏజెన్సీ నుంచి ఫోనొచ్చింది. ఏదో దేశం పోర్టులో ఓడ దిగి పారిపోయాడు అన్నారు. డిజర్టర్ అని కాగితం రాసుకున్నారు. పారిపోయినవాడి ఇంటికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వీధిలో ఒకరు అక్కడ ఇంకో సంసారం పెట్టాడన్నారు, ఇంకొకరు అప్పులన్నారు. ఓడలోంచి వచ్చిన వంటవాడు ఒకాయన మాత్రం, ఆ ముందురోజే ఇంజన్‌రూమ్‌లో పెద్ద చప్పుడైందనీ, తమని కిందికి వెళ్ళనివ్వలేదనీ చెప్పాడు. తర్వాత అతను కూడా ఫోనెత్తడం మానేశాడు.

ఫర్హా ఇదంతా దారం ఎక్కిస్తూ చెప్పింది. ఏడవలేదు. చాలాసార్లు చెప్పిన మనిషి చెప్పినట్టు చెప్పింది.

మరి ఆ కామెంట్లు అని అడిగాను. సూయజ్ ఇసుక, గాడిద మీద మనిషి.

"ఆ మాటలు నావి కావక్కా. ఆయనవి. పోర్టులో నెట్ దొరికితే వాయిస్ మెసేజీలు పెట్టీవోడు. గంటలు గంటలు సెప్పీవోడు. నాను సముద్రం మీదకి ఎప్పుడెల్లేను? మిషను పక్కనెట్టి, అన్నం తిన్నాక ఒక మెసేజీ ఇనీదాన్ని. నీ బ్లాగులో ఆ సంగతే వచ్చిందంటే, విన్నది విన్నట్టు పుస్తకం భాషలోకి మార్సి పెట్టీదాన్ని."

రెండు గంటలకి. అన్నం తిన్నాక. బ్రెజిల్ కాదు, కోటవీధి.

చూశాను, విన్నాను, చెయ్యి ఊపాను. మన భాషలో ఆ మాటల్లో ఆడా మగా తెలీదు. మూడేళ్ళు నేను అందులో ఒక మగవాణ్ణి చూశాను. తప్పు చూశానా అంటే, అదీ కాదు. మగవాడు ఉన్నాడు. నేను అతని మాటలే విన్నాను. కానీ నేను మొదటి కామెంటు చదివే నాటికే అతను లేడు.

ఎక్కడా లేడా, ఇంకెక్కడైనా ఉన్నాడా, అది ఎవరికీ తెలీదు.

ఫర్హా టీ ఇచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి, అప్పుడు నా మొహంలోకి చూసింది.

"నువ్వు జవాబు రాస్తే నాకు ఒళ్ళు మండీది. నా మొగుడితో మాటాడ్డానికి ఇదెవర్తి అని. అదంతా సదివీసి, ఇంక పెట్టకూడదనుకునీదాన్ని. మళ్ళీ నాలుగ్రోజులకి నానే ఇంకోటి పెట్టీదాన్ని. నువ్వు మాటాడితే ఆయన ఉన్నట్టుండీది అక్కా."

నాకు తెలిసి నేను తల ఎత్తలేదు. ఆమెకి అంతా తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

వచ్చేటప్పుడు, వింటావా అని ఫోను చూపించింది. ఆయన గొంతు. వద్దన్నాను. కళ్ళు మసకబారి గుమ్మంలో చెప్పులు కూడా కనిపించలేదు నాకు.

జూలై 20

ఒంట్లో బాలేదని చర్చికి వెళ్ళలేదు. ఏడవాలంటే ఎవరి కోసమని ఏడవాలి? ఆయన భార్య ఏడవట్లేదు.

జూలై 22

ఫర్హాని కృష్ణంరాజు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వంటవాడి సంగతి, వాయిస్ మెసేజీల సంగతి అన్నీ రాసుకున్నారు. తర్వాత నోటీసులో ఒక వాక్యం కింద గీత పెట్టి మాకు చూపించారు. "ఓడ విడిచి పారిపోయిన సదరు షానవాజ్." ఇది ఇప్పుడు, ఈ నెలలో రాసి, మూడో మనిషికి పంపారు. అంటే ఎవాంజలిన్‌కి. పరువు నష్టం మీ ఆయనకి కూడా జరిగింది కదమ్మా, ఎదురు కేసు వెయ్యడానికి దారి దొరికినట్టే అన్నారు. ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. చట్టం పుస్తకం తీశారు.

చిక్కు అక్కడ వచ్చింది. బతికున్న మనిషి పరువు పోతే, క్రిమినల్ ఫిర్యాదు ఆ మనిషే వచ్చి ఇవ్వాలి. చనిపోయిన మనిషి పరువు తీస్తే మాత్రం, బాధపడ్డ కుటుంబం ఇవ్వచ్చు. ఏడేళ్ళు కబురు లేకపోతే చట్టం తనంతట తానే పోయాడనుకుంటుంది, కానీ ఇంకా అంతకాలం కాలేదు. కాబట్టి ఫిర్యాదులో ఫర్హాయే ఒక వాక్యం రాయాలి.

"నా భర్త చనిపోయాడని నమ్ముతున్నాను. అంతేనమ్మా" అన్నారు లాయరు గారు. "ఒక్క లైను."

ఫర్హా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచుంది. ఫ్యాను తిరుగుతోంది. అప్పుడంది:

"ఆయన పరువు కోసం ఆయన్ని సంపీమంటారా?"

గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. కృష్ణంరాజు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఎన్ని విని ఉంటారో. పుస్తకం మూసేసి, వద్దులెమ్మా అన్నారు. మనం ఎవరి మీదా వెయ్యద్దు. నువ్వన్న మాట మీద నువ్వు నిలబడు. పేరు పెట్టి నిలబడు. అప్పుడు అజ్ఞాత ఎవరని వాళ్ళు వెతకక్కర్లేదు, ఈ ఎవాంజలిన్‌ని బెదిరించక్కర్లేదు. అబద్ధమని వాళ్ళు కోర్టుకొస్తే, ఆ ఓడ రికార్డు తెమ్మని మనం అడగొచ్చు, వాళ్ళే బయట పెట్టాలి.

దానికి సరేనంది.

జూలై 23

మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ఈసారి అజ్ఞాత చెప్పారు అని లేదు.

"ఫర్హా చెప్పారు: పై మాటలు రాసింది నేను. షానవాజ్ భార్యని. కోటవీధి, విశాఖపట్నం. ఆయన పారిపోలేదు."

నేను కింద ఏమీ రాయలేదు. మొదటిసారి.

ఆగస్టు 6

గురువులు గారు చాలా ఇబ్బందిగా చెప్పారు. త్రినాథరావు ఫైళ్ళు నా దగ్గర ఉండకూడదట. గాజువాక గోడౌన్ ఆఫీసుకి మార్చారు. ఉద్యోగం ఉంచాను, అదే నేను చెయ్యగలిగింది అన్నారు. థాంక్స్ చెప్పాను. అక్కడ కాగితాల మీద ఓడల పేర్లు ఉండవు. లారీ నంబర్లుంటాయి.

అమ్మకి అంతా చెప్పాల్సి వచ్చింది. నోటీసు, ఫర్హా, షానవాజ్. నా సంగతి తప్ప. అమ్మ విని, ఆ ముసలావిడకి ఏం తినబుద్ధేస్తుందో కనుక్కోమంది. నా సంగతి అడగలేదు. అడగకపోవడం చూస్తే తెలిసినట్టే ఉంది.

సెప్టెంబరు 11

సివిల్ దావా వేశాడు. కాపీలు వచ్చాయి. మొదటి ప్రతివాది ఫర్హా, రెండో ప్రతివాది నేను. నా పేరు పక్కన డాటరాఫ్ లేట్ యోహాన్ అని ఉంది. నాన్నని కోర్టు కాగితంలో చూసి ఏదోలా అయింది.

సాయంత్రం కోటవీధికి వెళితే ఫర్హా తన కాపీ విప్పుకుని కూచుంది. భయపడి ఉంటుందనుకున్నాను. మొహం వెలిగిపోతోంది. వేలు పెట్టి చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఫర్హా, వైఫాఫ్ షానవాజ్.

"లేట్ అన్నేదు సూడక్కా. వైఫాఫ్ అని రాసినారు. ఆళ్ళే రాసినారు."

పరువు నష్టం దావా కాగితాన్ని ఎవరైనా అలా మడిచి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టుకోవడం నేను చూడలేదు.

సెప్టెంబరు 25

కోర్టు. పొద్దుటి నుంచి బెంచీ మీద కూచుంటే మధ్యాహ్నానికి పిలిచారు. విచారణ పూర్తయ్యేదాకా కామెంటు తీయించమని వాళ్ళ లాయరు అడిగాడు. కృష్ణంరాజు గారు అడ్డుపడి, పారిపోయాడని రాసిన ఓడ లాగ్‌బుక్కూ, ఆ పోర్టు పోలీసులకిచ్చిన రిపోర్టూ ముందు తెమ్మన్నారు. జడ్జిగారు ఒకావిడ. కాగితాల్లోంచి తలెత్తి ఫర్హా వైపు కొంచెంసేపు చూశారు. ఇప్పుడే తీయించక్కర్లేదు, ముందు ఆ రికార్డు దాఖలు చెయ్యండి అన్నారు. వాళ్ళు టైం అడిగారు.

బయటికొచ్చి ఇద్దరం బజ్జీలు తిన్నాం. ఫర్హా చాలారోజుల తర్వాత ఆకలేస్తోందంది. రికార్డు వస్తే ఏమైందో తెలుస్తుంది కదక్కా అంది. చప్పుడైన రోజు ఏ టైముకి, ఆయన ఎక్కడున్నాడు, అన్నీ ఉంటాయి కదా అంది. ఉంటాయన్నాను.

అక్టోబరు 16

మళ్ళీ టైం అడిగారు.

నవంబరు 7

దావా వెనక్కి తీసుకున్నారు. వాళ్ళ లాయరు ఒక మెమో ఇచ్చి, మా క్లయింటు దీన్ని నడపదల్చుకోలేదన్నాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కృష్ణంరాజు గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. గెలిచామమ్మా, ఆ రికార్డు చూపించే ధైర్యం వాడికి లేదు, ఊరంతటికీ అర్థమైంది అన్నారు. గురువులు గారు కూడా ఫోన్ చేశారు. ఆ ఓడకి మనుషుల్ని ఎక్కించడం ఆపేశారని, పోర్టులో తనిఖీకి నిలబెట్టారని చెప్పారు. కుర్రాళ్ళు ఇంటికొచ్చేశారట. ఇది చాలా పెద్ద సంగతి. ఇది రాసి పెట్టుకోవాలి.

ఫర్హా మెట్ల మీద కూచుండిపోయింది. ఏడుస్తోంది. నేను చూడ్డం ఇదే మొదలు.

"నాను గెలవాలని రానేదక్కా. ఆ కాగితం సూపిస్తాడని వచ్చేను."

పక్కన కూచున్నాను. కోర్టు ఖాళీ అవుతోంది. నల్లకోట్లు మా పక్కనుంచి దిగి వెళ్ళిపోతున్నాయి. నాక్కూడా ఆ కాగితమే కావాలని అప్పుడు తెలిసింది.

నవంబరు 22

రెండు వారాలుగా బ్లాగులో ఏమీ రాయలేదు. రాస్తే ఎవరికని. ఫర్హా కూడా ఏమీ పెట్టలేదు. ఇవాళ ఫోన్ చేసి రేపు రమ్మంది. పనేమీ లేదు, ఊరికే రమ్మంది.

నవంబరు 23

కోటవీధికి వెళ్ళాను. షానవాజ్ మెసేజీలన్నీ ఫర్హాకి కంఠతా వచ్చేశాయట. ఏ మెసేజీలో ఎక్కడ దగ్గుతాడో కూడా తెలుసట. ఆయన గురించి కొత్తగా చెప్పేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ లేరంది. మిషను మీద గుడ్డ కప్పి, నా ఎదురుగా వచ్చి కూచుంది.

"మూడేళ్ళు ఆయన్ని ఎలాగనుకున్నావో అలాగే సెప్పక్కా. దాయకు."

చెప్పాను. దీపాలు పెట్టేవేళ దాకా చెప్పాను.